తుంగపులి ఆఫ్‌లైన్‌లో ఉన్నాడు

మహేశ్వరికి నోరు ఎక్కువని ఎమ్మిగనూరు చేనేత కాలనీలో తెలియనివాళ్ళు లేరు. పోగు తెగితే నూలును తిడుతుంది. కరెంటు పోతే లైన్‌మన్‌ను తిడుతుంది. ఎవరూ దొరక్కపోతే మగ్గాన్నే తిడుతుంది. తల్లి అంబమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ, "దాని నోటికీ సేతికీ పోటీ పెడితే నోరే గెలుస్తాది" అంటుంది. చేయి కూడా తక్కువదేం కాదు. ఇరవై ఏడేళ్ళకే ఎంత చిక్కు అంచైనా తప్పు పోకుండా నేస్తుంది. ఆ వేళ్ళే ఫోను మీద పడితే తుపాకీ గురి తప్పదు. తుపాకుల ఆటలో ఆమె పేరు మగ్గం రాణి.

ఆ ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. ఫోన్లో ఒక దీవి ఉంటుంది. వందమంది అందులో దిగి ఒకరినొకరు కాల్చుకుంటారు. చివరిదాకా మిగిలిన జట్టు గెలిచినట్టు. జట్టుకు నలుగురు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, ఆడుతున్నంతసేపూ ఆ ఫోన్లోనే మాట్లాడుకోవచ్చు. మహేశ్వరి జట్టులో ఆదోని అన్నాచెల్లెళ్ళు షాకిర్, సుమయ్య ఉన్నారు. షాకిర్‌కు రైల్వే స్టేషన్ దగ్గర ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. సుమయ్య డిగ్రీ చదువుతోంది. నాలుగోవాడు తుంగపులి.

అది ఆటలో పేరు. అసలు పేరేమిటో, మనిషి ఎలా ఉంటాడో ఎవరికీ తెలియదు. ఒకరోజు షాకిర్‌కు ఆటలోనే తగిలాడు, కౌతాళం పక్కన అన్నాడు, అంతే. మాట తక్కువ, కొంచెం కన్నడం యాస. ఏం చెప్పినా "సరేక్కా" అంటాడు. ఎంత తిట్టినా "తప్పాయక్కా, మల్లా సూసుకుంటా" అంటాడు. ఆ అణకువ చూసి మహేశ్వరి అతన్ని పద్దెనిమిదేళ్ళ కుర్రాడి కింద జమకట్టేసింది. పిల్లవాడే కదా అని ఒరేయ్ అనేది. పిల్లవాడే కదా అని నాలుగు తిట్లు ఎక్కువే తిట్టేది.

ఆ కార్తీకంలో ఆదోనిలో ఒక సెల్ షాపు వాళ్ళు పోటీ పెట్టారు. గెలిచిన జట్టు ఫొటోలు ఫ్లెక్సీ మీద వేసి షాపు ముందు కడతారట. మహేశ్వరి మనసంతా ఆ ఫ్లెక్సీ మీదే పడింది. ఇంతవరకు వాళ్ళ కాలనీలో ఫ్లెక్సీ ఎక్కినవాళ్ళంతా అయితే నాయకులు, కాకపోతే పోయినవాళ్ళు. బతికుండి, పదవి లేకుండా, తన చేతి నేర్పుతో ఎక్కే మొదటి మనిషి తనే కావాలని పట్టుబట్టింది. నెల రోజులు జట్టును నిద్రపోనివ్వలేదు. ఒక్కొక్క ఆటా గెలుస్తూ వాళ్ళు ఆఖరి ఆట దాకా వచ్చారు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆ ఆట మొదలైంది. మొదటి నుంచీ తుంగపులి తీరు బాగాలేదు. ఉన్నట్టుండి నిలబడిపోతున్నాడు. పిలిస్తే ఆలస్యంగా పలుకుతున్నాడు. "కండ్లు యాడ పెట్టుకున్నావురా?" అని మహేశ్వరి రెండుసార్లు కసిరింది. "ఉండక్కా, ఒక్క నిమిషం" అన్నాడు. ఆ తరువాత మాటే లేదు. అప్పటికి మిగిలినవి రెండే జట్లు. వెనకవైపు గుట్టను కాయాల్సింది తుంగపులి. శత్రువు తాపీగా ఆ గుట్ట ఎక్కి వచ్చాడు. తుంగపులి రాతిబొమ్మలా నిలబడే ఉన్నాడు. అతన్ని కాల్చి, సుమయ్యను కాల్చి, షాకిర్‌ను కాల్చి, చివరికి మహేశ్వరినీ కాల్చారు. ఆట అయిపోయింది.

నిజం చెప్పాలంటే అంతకు ముందే మహేశ్వరి గురి రెండుసార్లు తప్పింది. అవి తగిలి ఉంటే ఆ గుట్ట దాకా కథ వచ్చేదే కాదు. కానీ ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్ళకు మద్దెల దొరకాలి కదా. గెలిచిన జట్టువాళ్ళు "బాగా ఆడినారక్కా" అని మర్యాదగా పలకరించారు. ఆమెకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఒరేయ్ పులీ! సచ్చినావేమిరా ఆడ? మనిషివా, మొద్దువా? నీయట్లాటోళ్ళు బతికి ఎవురికిరా లాభం? భూమికి బరువు, తిండికి దండగ! నీ మొగానికి ఆటొకటి. పోరా, పోయి ఆ కాలవలో దూకి సావు, పీడ పోతాది!"

కౌతాళం పక్కనున్నవాడు కాబట్టి నోటికి కాలువ వచ్చింది. మంత్రాలయం వాడైతే నది వచ్చేది. షాకిర్ "ఇడ్సిపెట్టక్కా, ఆట గదా" అంటూనే ఉన్నాడు. ఆమె ఆపలేదు. అన్న మాటే మళ్ళీ అంటూ, చావు అనే మాట ఏ ఏడెనిమిది సార్లో అని ఉంటుంది. నాలుగు నిమిషాలు ఊపిరి తిప్పుకోకుండా తిట్టింది. మధ్యలో తెర మీద ఒక వరుస అక్షరాలు వచ్చాయి. తుంగపులి ఆఫ్‌లైన్‌లో ఉన్నాడు.

"పొగరు సూడు! జవాబు సెప్పకుండా కట్ సేసినాడు" అని ఫోను పక్కన పడేసి, రెండు రొట్టెలు ఎక్కువే తిని పడుకుంది.

సోమవారం మధ్యాహ్నం మగ్గం మీద ఉండగా ఆదోని వార్తల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. కాలువ గట్టు, గట్టు మీద ఒక చెప్పుల జత. నల్ల రబ్బరు చెప్పులు, మగవాళ్ళవి. కింద ఎవరో రాశారు: "కౌతాళం సమీపంలో కాలువలో దూకిన వ్యక్తి. నిన్న సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ఘటన. పూర్తి వివరాలు తెలియాల్సి ఉంది."

మహేశ్వరి చేతిలో అడ్డపోగు వేసే నాడె ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ముందు తల్లి వైపు చూసింది. అంబమ్మ తన రాట్నం తను తిప్పుకుంటోంది. ఆట ఎన్నింటికి అయిపోయింది? నాలుగున్నరకు. తను తిట్టింది ఎన్నింటికి? నాలుగున్నరకు. కాలువలో దూకమన్నది ఎవరు? తనే. ఫోను తీసి ఆటలోకి వెళ్ళింది. తుంగపులి పేరు పక్కన బూడిదరంగు చుక్క ఉంది. ఆఖరిసారి కనిపించింది నిన్న సాయంత్రం. రోజూ పొద్దున ఏడింటికే పచ్చచుక్కతో కనబడేవాడు.

షాకిర్‌కు ఫోన్ చేసింది. "ఆయప్ప నంబరు నా కాడ యాడిది అక్కా? ఆటలో తప్ప ఎన్నడూ మాట్లాడల్యా" అన్నాడు. మళ్ళీ తనే, "మనకు గెలుపు తెలిసినంతగా మనిషి తెలీలేదు అక్కా" అన్నాడు. ఎత్తిపొడిచాడో, బాధపడ్డాడో ఆమెకు తెలియలేదు. తెలుసుకునే ఓపికా లేదు.

ఆ సాయంత్రం దాకా ప్రతి పది నిమిషాలకూ ఆ చుక్కను చూసింది. ఒక పోగు తెగింది, తిట్టలేదు. మరో రెండు తెగాయి, అప్పుడూ తిట్టలేదు. "ఏమ్మే, ఒళ్ళు బాగలేదా?" అని అంబమ్మ నుదురు పట్టి చూసింది. బాగానే ఉన్నానంది. పోలీసులు ఆ ఫోను తెరిస్తే తన మాటలు బయటపడతాయా? ఆ పిల్లవాడికి తల్లి ఉందా? ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుంది, వాడు బతికుంటే కాలినడకన గుడికి వస్తానని. మొక్కుకున్న మరుక్షణమే ఇంకో అనుమానం పట్టుకుంది. వాడి కోసం మొక్కుకున్నానా, నేను బయటపడటానికి మొక్కుకున్నానా? జవాబు తెలిసి సిగ్గుపడింది.

మంగళవారం పొద్దున్నే, నూలు కోసం ఆదోనికి పోతున్నానని తల్లికి చెప్పి బస్సెక్కింది. ఆదోని బస్టాండులో, కౌతాళం దాకా తోడు వస్తానన్న సుమయ్య బురఖా వేసుకుని ఎదురుచూస్తోంది. ఇద్దరూ ముఖాలు చూసుకోవడం అదే మొదటిసారి. అయినా ఒకరినొకరు గొంతుతోనే గుర్తుపట్టారు. పత్తి లోడు లారీలు దారంతా నిండి కౌతాళం బస్సు నత్తనడక నడిచింది. మార్కెట్ యార్డు దాటేసరికి అరగంట పట్టింది. కిటికీలోంచి ఎగిరొచ్చిన పత్తి నూగు మహేశ్వరి చీర మీద వాలుతున్నా దులుపుకోలేదు.

"అక్కా, నీకొకటి సెప్పల్ల. ఆపొద్దు ఆట నేను రికార్డు సేసినా. గెలిస్తే రీలు పెడదామని" అంది సుమయ్య.

"నా మాటలు గూడానా?"

"అన్నీ ఉండాయి. నేను ఇంగా ఇనల్యా. భయమేసి."

మహేశ్వరి ఇయర్‌ఫోన్లు అడిగి పెట్టుకుంది. ముందు కాల్పులు. తరువాత తన గొంతు. అది తనదేనా? వీధి కుళాయి దగ్గర బిందెల కోసం కొట్టుకునేవాళ్ళ గొంతు కూడా అంత కటువుగా ఉండదు. కాల్పుల మోత తగ్గిన చోట, తన అరుపుల సందులోంచి, తుంగపులి వైపు నుంచి ఇంకేదో వినబడింది. నీళ్ళ హోరు. ఎవరో ఆడమనిషి కేక. "అయ్యో, ఎవురన్నా రాండప్పా!" అంటోంది ఆ గొంతు. మహేశ్వరి ఇయర్‌ఫోన్లు లాగి పారేసింది. ఆ కేక తన తిట్లకు ముందో, వెనకో మళ్ళీ విని తేల్చుకునే ధైర్యం లేకపోయింది.

"వాళ్ళ అమ్మే అయ్యుంటాది. కొడుకు దూకుతాంటే సూసింది" అంది.

"అట్లనాకక్కా. అల్లా ఉండాడు" అని సుమయ్య ఆమె చేయి పట్టుకుంది.

కౌతాళంలో దిగి టీ బంకు దగ్గర విచారించారు. ఏమని అడగాలో మహేశ్వరికి తోచలేదు. సుమయ్యే అడిగింది, "అన్నా, మొన్న కాలవలో ఎవురో..." అని. టీ పోస్తున్నాయన తల కూడా ఎత్తలేదు. "దాని సంగతి లష్కర్ సిద్దప్పనే అడగల్ల. కాలవకు నీళ్ళు ఇడ్సేది, ఆపేది ఆయప్పే. గేటు కాడ ఉంటాడు. ఆటో పిలుసుకోండి" అన్నాడు.

ఆటో కాలువ గట్టు మీద ఆగింది. రెండువైపులా కోతకు వచ్చిన వరి. కాలువ నిండుగా పారుతోంది. గేటు దగ్గర హోరు ఎంతగా ఉందంటే పక్కన ఉన్న మనిషి మాట కూడా సగమే వినపడుతోంది. గేటు ఇనుప చక్రానికి గ్రీజు పూస్తూ ఒకాయన నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. తలలో సగం తెలుపు. లుంగీ మడిచి కట్టి, చెప్పుల్లేని కాళ్ళతో ఉన్నాడు.

మహేశ్వరి ఇక ఆగలేకపోయింది. "అన్నా! మొన్న దూకినాయప్ప... దొరికినాడా?" అని అరిచింది.

ఆయన గ్రీజు చేయి గాలిలోనే ఆపి, ఆమె వైపు వింతగా చూశాడు.

"మగ్గం రాణక్క గదా నువ్వు?" అన్నాడు.

ఆమెకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తరువాత తుంగపులి యాస, ఆ 'అక్క' చెవుల్లో పడ్డాయి. గట్టు మీదే కూలబడి రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఎందుకేడుస్తోందో తెలియక ఆయన కంగారు పడ్డాడు. సుమయ్య కూడా ఏడుస్తూనే, నవ్వుతూనే మొత్తం చెప్పింది. చెప్పుల ఫొటో కూడా చూపించింది.

"ఈ సెప్పులు నావే! ఫొటో తీసినోడెవడో సెప్పులు గూడా ఎత్తుకపోయినాడు సూడు. రెండ్రోజులాయ, ఉత్త కాళ్ళతోనే తిరుగుతాండా" అన్నాడు సిద్దప్ప.

పద్దెనిమిదేళ్ళ కుర్రాడనుకుని ఒరేయ్ అన్నది ఈయన్నే. తన తండ్రి బతికుంటే ఇంచుమించు ఇదే వయసు. మహేశ్వరికి తల ఎత్తబుద్ధి కాలేదు. "నన్ను కొట్టన్నా. నేనన్న మాటలకు..." అంది.

"నువ్వేమంటివో నేను ఇనల్యా తల్లీ. నేను నీళ్ళల్లో ఉంటి."

ఆయన గ్రీజు డబ్బా పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

"గేటు దించినాక ఈడ పనేముంటాది? ఫోను ఈ సక్రానికి ఆనించుకోని ఆడుతా. గెలిసేదానికి కాదు. ఈడ మాట్లాడేదానికి మనిషి ఉండడు. మీ ముగ్గురి అరుపులు ఇంటాంటే పొద్దు పోతాది, మనసు బాగుంటాది. ఆపొద్దు గట్టు మీద ఒక పిల్ల అటూ ఇటూ తిరగబట్టె. ఆ నడక నాకు బాగనిపించల్యా. ఆట మీద మనసు నిలవల్యా. ఉండక్కా అని నీకు సెప్పి లేసినా. అంతలోకే ఆ పిల్ల నీళ్ళల్లో పడె. ఫోను ఆడ్నే పడేసి, సెప్పులు ఇడిసి దూకినా."

"బతికిందా?" సుమయ్య, మహేశ్వరి ఒకేసారి అడిగారు.

"బతికింది. గుడ్డలంగడి చౌడమ్మ కూతురు, అశ్విని. ఇరవై ఏండ్ల పిల్ల. ఏమిట్కి దూకిందో నేనడగల్యా, మీరు గూడా అడగాకండి. ఆదోని ఆస్పత్రిలో సూపించి నిన్ననే ఇంటికి తెచ్చినారు. ఒంటరిగా ఇడ్సొద్దు, శుక్రవారం మల్లా తీసుకురాండి అనిందంట డాక్టరమ్మ."

మహేశ్వరికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఎవరూ చావలేదు. ఆయన తిట్లు వినలేదు. ఉరుకుంద గుడికి నడిచిపోతే మొక్కు కూడా తీరిపోతుంది. ఒంటిగంట బస్సు అందుకుంటే సాయంత్రానికి మగ్గం మీద ఉండవచ్చు. కళ్ళు తుడుచుకుని లేవబోయింది.

సిద్దప్ప మాత్రం లేవలేదు. నేల వైపు చూస్తూ ఉన్నాడు.

"ఒక మాట ఉండాది తల్లీ. సెప్పల్నా, ఒద్దా అనుకుంటాండా. నీళ్ళ సప్పుడుకి ఇనపడదని నేను ఫోను సౌండు నిండా పెట్టుకుంటా. ఆ పిల్లను బయటికి తెచ్చి, ఈడనే పండుకోబెట్టి ఈపు తడితే నీళ్ళు కక్కె. కండ్లు తెరిసె. తెరిసిన కాడికి, పక్కనే పడుండిన ఫోన్లో నువ్వు..."

ఆయన ఆ మాట పూర్తి చేయలేదు. చేయనవసరం లేదు. మహేశ్వరికి తన మాటలన్నీ వరుసగా గుర్తుకొచ్చాయి. బతికి ఎవరికి లాభం. భూమికి బరువు. కాలవలో దూకి సావు.

"అప్పుడు నేను నీళ్ళు తాగి దగ్గుతాంటి, సరింగా ఇనపడల్యా. పిల్లను ఎతుక్కుంటా గట్టుకు వచ్చి, ఎవురన్నా రాండప్పా అని అరిసిన వాళ్ళమ్మ ఇనింది. ఫోను ఎత్తి కాలవలోకి ఇసిరేసింది. అదీ నేను మీకు కనపడకుండా పోయిన కథ."

"నేను తిట్టింది నిన్ను గదన్నా!" అంది మహేశ్వరి. అన్న వెంటనే అదెంత పనికిమాలిన మాటో ఆమెకే తెలిసింది.

"నన్నే. కానీ ఇన్నోళ్ళు వేరే. రెండ్రోజుల నుంచీ ఆ పిల్ల తిండి తినల్యా, మాట్లాడల్యా. ఒక్క మాట మాత్రం అడిగిందంట. నన్ను తిట్టినామె ఎవురమ్మా, ఆమెకు నా సంగతి ఎట్ల తెలుసు అని. ఫోన్లో ఎవురో ఎవుర్నో అన్నారని మేం సెప్పినాం. నమ్మల్యా. నేను నీ గొంతు గుర్తుపట్టినట్ల ఆ పిల్ల గూడా పడ్తాది. వచ్చి ఒక మాట సెప్పి పో తల్లీ. రాలేనంటే నేనేమీ అనుకోను."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. ఆ మాట వినని తెలుగువాడు లేడు, విన్నందువల్ల బాగుపడ్డవాడూ లేడు. మహేశ్వరి రోడ్డు వైపు చూసింది. ఆటో నిలబడే ఉంది. ఇప్పుడు వెళ్ళిపోతే ఎవరూ పట్టుకోరు. కాలనీలో తెలియదు, తల్లికి తెలియదు. మహా అయితే ఇంకో పేరు పెట్టుకుని ఇంకో జట్టులో ఆడుకోవచ్చు. సుమయ్య ఆమె ముఖమే చూస్తోంది. నాకు భయంగా ఉంది అని ఎవరికైనా చెబితే బాగుండునని మహేశ్వరికి అనిపించింది. చెప్పకుండానే సిద్దప్ప వెనక నడిచింది.

చౌడమ్మ ఇల్లు అంగడి వెనకే. దారిలో మహేశ్వరి నాలుగైదు మాటలు కూడబెట్టుకుంది. కోపంలో అన్నానని, నోరు జారిందని, మనసులో ఏమీ లేదని. గడప దగ్గర సిద్దప్ప, "ఆపొద్దు ఫోన్లో మాట్లాడినాయమ్మ" అని చెప్పేసరికి చౌడమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"ఏమిట్కి తీసుకొచ్చినావు సిద్దప్పా? ఇంగా మిగిలిందేమన్నా ఉంటే తిట్టి పోవల్లనా?"

మహేశ్వరి జీవితంలో ఎదురు మాట అనకుండా నిలబడింది అప్పుడే కాబోలు. ఎండలో అలాగే నిలబడింది. చౌడమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసి, చివరికి పక్కకు జరిగింది. సిద్దప్ప, సుమయ్య అరుగు మీదే కూర్చున్నారు.

లోపల మంచం మీద అశ్విని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన మూత పెట్టిన అన్నం గిన్నె అలాగే ఉంది.

"అశ్వినీ" అని పిలిచింది మహేశ్వరి.

ఆ ఒక్క పిలుపుకే ఆ పిల్ల భుజాలు బిగుసుకున్నాయి. మెల్లగా ఇటు తిరిగింది. పాలిపోయిన ముఖం, వాచిన కళ్ళు. "నువ్వే" అంది.

"నేనే. కానీ నిన్ను కాదు సెల్లీ. నువ్వెవురో గూడా నాకు తెలీదు."

"మల్ల ఎవుర్ని?"

"నా జట్టులో ఉండే ఆయప్పను. ఓడిపోయినామని."

"దేంట్లో?"

"ఆటలో. ఫోన్లో ఆడే ఆట."

అశ్విని చాలాసేపు ఆమెనే చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఎంత ఆలోచించినా లెక్క కుదరనట్టు చూసింది. "ఆటలో ఓడిపోతే సచ్చిపొమ్మంటారా?" అని అడిగింది.

మహేశ్వరి దారిలో కూడబెట్టుకున్న మాటల్లో ఏ ఒక్కటీ ఈ ప్రశ్నకు సరిపోలేదు. అందరూ అంటారు అని చెప్పవచ్చు. అది నిజం కూడా. రోజూ వందమంది దిగే ఆ దీవిలో ఆ మాట అననివాళ్ళే తక్కువ. కానీ ఆ మంచం ముందు నిలబడి అలా చెప్పడానికి నోరు రాలేదు.

"నీళ్ళల్లోకి పోయినాక నాకు భయమాయ అక్కా" అంది అశ్విని. గొంతు బొంగురుగా ఉంది. "తప్పు సేసినా అనిపిచ్చె. బయటపడితే సాలు దేవుడా అనుకుంటి. ఆయప్ప సెయ్యి తగిలితే గట్టింగా పట్టుకుంటి. బయటపడినాక ఫస్టు ఇన్న మాట నీదే. లోకమంతా అదే అనుకుంటాంది, నేనొక్కదాన్నే తెలీక పట్టుకుంటి అనిపిచ్చె."

మహేశ్వరి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"ఆ ఓటమి నాది సెల్లీ. నా గురే తప్పింది. అది ఒప్పుకోల్యాక ఆయప్ప మీద పడితి. తెరలో ఆయప్ప బొమ్మే కనపడుతుంటాది, మనిషి కనపడడు. బొమ్మనే గదా అని అంటి. నేనన్న మాట అబద్ధం. నిన్నన్నా, ఆయప్పనన్నా, ఎవుర్నన్నా అది అబద్ధమే. నీ కాళ్ళు పట్టుకుంటా, అది మనసులో పెట్టుకోవాక."

అశ్విని లేచి కూర్చుంది. దుప్పటి అంచు వేళ్ళకు చుట్టుకుంది.

"అబద్ధమైతే ఆ గొంతుతోనే సెప్పు."

"ఏమని?"

"బతకమని. ఇప్పుడు మాట్లాడినట్ల మెల్లిగ కాదు. ఆపొద్దు ఎంత గట్టింగా అంటివో అంత గట్టింగా సెప్పు."

మహేశ్వరి నోరు తెరిచింది. చావమనడానికి ఆలోచించనే లేదు. బతకమనడానికి రెండుసార్లు గొంతు సవరించుకున్నా అది పెగలడం లేదు. సిగ్గు ఒక పక్క, ఏడుపు ఒక పక్క. తన మాట ఈ పిల్ల పట్టుకుని నిలబడేంత బరువైనదా అన్న భయం అన్నిటికన్నా ఎక్కువ. కళ్ళు మూసుకుని, ఊపిరి నిండా పీల్చుకుని అరిచింది.

"బతుకు!"

అరుగు మీద సిద్దప్ప, సుమయ్య ఉలిక్కిపడి లేచారు. గడప దగ్గర చౌడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మల్లా" అంది అశ్విని.

"బతుకు సెల్లీ!"

"మల్లా."